పొగలేని బస్సుకు మొక్కిన దండ

కరెంటు బస్సు కడపకు వస్తాందని నాకు మొదట చెప్పింది బస్టాండులో పూలమ్మే ఆమె. బడికి పోకుండా, ఇంట్లోనే నాయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని. పేపరు చదువుతాను గానీ, ఊరి సంగతులు పేపరు కంటే ముందు ఆమె బుట్ట దగ్గరికే చేరతాయి.

ఆ బుట్ట డీజిలు బస్సులు ఆగే చోటే ఉండేది. ఆమె దగ్గర కొన్న మల్లెలను కడిగితేగానీ స్వామికి పెట్టలేకపోయేదాన్ని. నీళ్లు నల్లగా దిగేవి. ఆ పొగకు పట్టుకున్న ఆమె దగ్గును కడిగేదెట్లా? అందుకే మొక్కుకున్నా: పొగలేని బస్సు వస్తే మొదటిదానికి నా చేత్తో దండ వేస్తానని.

మా ఆయన అడ్డం తగిలినాడు. "డీజిలు ఖర్చు తగ్గుతాది, సరే. బస్సు ధర శానా ఎక్కువంట. ఎండాకాలం మనింట్లో ఫ్యానే తిరగదు, బస్సు తిరుగుతాదా?"

"నేను ఫ్యానుకు మొక్కలేదులే" అన్నా.

స్వామి దయ, బస్సు వచ్చింది. దాంతో పాటు వచ్చిన చార్జింగు మిషను సరిగ్గా ఆమె బుట్ట చోటులోనే దిగింది. ఆమెను అవతలి గేటుకు పొమ్మన్నారు. ఆడ నీడ లేదు, నిలబడి పూలు కొనే మనిషీ లేదు.

"ఏంది అక్కా, పొగను పొమ్మని మొక్కినావనుకుంటే నన్ను పొమ్మని మొక్కినావా?" అని నవ్వింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అయినా మొక్కు మొక్కే. దండ ఆమె దగ్గరే కొన్నా.

బస్సుకు దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు సర్దుతా, "ఇంక స్టార్టు చెయ్యి నాయనా" అన్నా డ్రైవరుతో.

"స్టార్టులోనే ఉండాది, లేమ్మా!"

ఒక్క ఎగురు ఎగిరి పక్కకొచ్చి పడినా. తేరుకుని, చార్జింగు పెట్టే రంధ్రానికి పసుపు పూయబోతే, అతను రెండు చేతులూ అడ్డం పెట్టి, "తల్లీ, నీకు దండం పెడతా, దాన్నొదిలెయ్" అన్నాడు.

చప్పుడు లేని ఆ బస్సు వచ్చేదీ పోయేదీ జనానికి తెలియలేదు. గేటు దగ్గర ముందుగా చూసేది ఆమే కాబట్టి, "కరెంటు బస్సొచ్చె, రాండప్పా!" అని కేకేసేది. మెల్లగా కొందరు ఆమె పక్కనే నిలబడి, పూలు కొనడం మొదలుపెట్టినారు. దగ్గు తగ్గింది. బేరం సగమే తిరిగొచ్చింది. నీడ ఇంకా రాలేదు. అడగడానికి నేనూ మా ఆయనా బస్టాండు ఆఫీసు చుట్టూ తిరుగుతాండాం.

కరెంటు బస్సుల లాభనష్టాలు మాట్లాడుకునేవాళ్లు, ఎండలో నిలబడి మిమ్మల్ని బస్సెక్కిస్తున్న ఆమెను కూడా ఒకసారి తలుచుకోండి.