బొందలగడ్డ సీతాఫలం

సూర్యాపేట బస్టాండు బయట గంపల్లో సీతాఫలాలు దిగాయంటే, డీజిల్ పొగను దాటుకుని వచ్చే ఆ తీపి వాసనకు నేను ఎక్కాల్సిన బస్సును కూడా వదిలేస్తాను. బేరమాడటం నాకు సిగ్గు. ఒక కాయ చేతిలోకి తీసుకుని, కళ్లు విచ్చాయో లేదో చూసి, మళ్లీ గంపలో పెట్టేస్తాను.

నడిగూడెం దగ్గరి మా ఊళ్లో సీతాఫలాలన్నీ పోయినోళ్లను పూడ్చే బొందలగడ్డలోనే కాసేవి. వానలు వెనకపట్టి, బతుకమ్మకు తంగేడుపూలు తెంపే రోజుల్లో నాయనమ్మ వెంట చెలకకు పోతుంటే, దారి ఆ గడ్డ అంచునే సాగేది. మోకాలెత్తు గడ్డిలో పేర్లు లేని రాళ్లు, రాళ్ల మీద ఎండ కాచుకునే తొండలు, మధ్య మధ్య ఎవరూ నాటని సీతాఫలం చెట్లు. ఆ రాళ్లను నాయనమ్మ ఒక్కోటీ గుర్తుపట్టేది: ఇది కలరా గత్తరొచ్చిన ఏడాది ఒక్క వారంలో పోయిన అన్నదమ్ములది, అది బావి తవ్వుతూ పోయినాయనది, ఆ వంగినది మా ముత్తవ్వది. "పోయినోళ్ల హాజరు తీసుకుంటున్నది మీ నాయనమ్మ," అని చిన్నాయన నవ్వేవాడు. నేను ఇంటికొచ్చి ఆ పేర్లన్నీ నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకునేదాన్ని. డైరీ రాయడం నాకు అట్లా మొదలైంది.

కాయలు తెంపి, వరిగడ్డిలో మాగబెట్టి, వేళ్లు జిగటయ్యేదాకా తినేవాళ్లం. మూలనున్న ఒక్క చెట్టును మాత్రం నాయనమ్మ ముట్టనిచ్చేది కాదు. మూడు నెలలకే పోయిన ఆమె తొలిచూలు బిడ్డను, మా మేనత్తను, అక్కడ పాతిపెట్టారట. ఆడవాళ్లు వెంట రాకూడదన్నారు. పసిబిడ్డకు రాయి పెట్టరు. తాతయ్య తిరిగొచ్చి, "మూల సీతాఫలం చెట్టు మొదట్ల," అని ఒక్క మాట చెప్పాడు. ఆమెకు దొరికిన గుర్తు అంతే.

నాలుగో తరగతిలో ఒకరోజు, ఆమె చెలకలో కలుపు తీస్తుండగా, నేను ఆ చెట్టు కాయ తిన్నాను. గింజలు కనిపిస్తే దొరికిపోతానని గౌను జేబులో వేసుకుని తెచ్చి, పెరట్లో గిన్నెలు తోమే జాలారు పక్కన మట్టిలో పూడ్చాను. మొక్క లేచినప్పుడు ఇదెక్కడిదని నాయనమ్మ అడిగినా, డైరీకి మాత్రమే చెప్పాను.

నేను ఇంటర్‌లో ఉండగా ఆ గడ్డ మీద ప్లాట్లు పడ్డాయి. జేసీబీ రెండు రోజుల్లో అంతా చదును చేసింది. నాయనమ్మ పోయి, ఎర్రమట్టిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి, తిరిగొచ్చి గడపలో కూర్చుంది.

"యాడనో తెలుస్తలేదు బిడ్డా," అంది.

అప్పుడు చెప్పాను, కాయ సంగతి, గింజల సంగతి, అంతా. తిడుతుందనుకున్నాను. పెరట్లోని చెట్టువైపు చూసి, "తియ్యగుండెనా?" అని అడిగింది.

తలూపాను.

ఇప్పుడక్కడ సున్నం పూసిన హద్దురాళ్లు, ఒక్కోదానికి ఒక నంబరు. తొండలు లేవు, తంగేడు లేదు. ఆ పేర్లు నా నోటుబుక్కులో ఉన్నాయి. పెరటి చెట్టు కాయలు నాయనమ్మ ఇప్పటికీ తినదు. మేం తింటుంటే మాత్రం ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, గింజలన్నీ తన కొంగులో వెయ్యమంటుంది.