పట్టీ లేని చేయి

నా చిన్నప్పుడు భిలాయి ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ టూలో, మా లైనులో క్రికెట్ ఆడిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. గొప్ప చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం. మిగతా ఆడపిల్లలు కుళాయి దగ్గర వరుసలో నిలబడితే, నేను నా బిందెను వరుసలో పెట్టేసి ఇళ్ల వెనక మైదానానికి పరుగెత్తేదాన్ని. ఇంటికొచ్చాక వీపు విమానం మోత మోగేది. మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని.

నా బంతిలో వేగం లేదు. మణికట్టు తిప్పి వదిలితే నేలను తాకి పక్కకు తిరిగేది, అంతే. ఎవరూ నేర్పలేదు. మా ఇంటి గోడకేసి విసిరి విసిరి, నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న పూట కూడా విసిరి, తిట్లు తిని నేర్చుకున్న విద్య అది.

మా జట్టు కెప్టెన్ వెనక లైనులో ఉండే హిందీ వాళ్ల అబ్బాయి. అందరం భయ్యా అనేవాళ్లం. బ్యాటు వాడిది కాబట్టి కెప్టెన్సీ కూడా వాడిదే. ఒక ఆదివారం సెక్టారు పిల్లలతో మ్యాచ్ కుదిరింది. సెక్టారు అంటే ఆఫీసర్ల క్వార్టర్లు, తెల్లబూట్ల పిల్లలు. ఆ పదకొండు మందిలో నేనూ ఉండాలని ఎంత ఆశపడ్డానంటే, వారం రోజులు అన్నం సయించలేదు. భయ్యా సరేనన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. మణికట్టుకు తోలుపట్టీ కట్టుకోవాలి. "లడ్కీ హై, కలాయీ కచ్చీ హై" అన్నాడు అందరి ముందూ. ఆడపిల్ల, మణికట్టు పచ్చిది అని. ఒళ్లు మండిపోయింది. అయినా మ్యాచ్ కావాలి, ఏం చేస్తాను?

ఈ పట్టీ పిచ్చి మా క్యాంపు పిల్లలందరికీ ఉండేది. ప్లాంటులో సమ్మెట కొట్టేవాళ్లు, గొలుసులు లాగేవాళ్లు కొందరు మణికట్టుకు తోలుపట్టీ బిగించుకుని డ్యూటీకి వెళ్లేవారు. అంత బరువులు లేపేవాళ్లకు అది ఉందంటే బలమంతా దానిలోనే ఉందని మా లెక్క. పట్టీ దొరకని వాళ్లు సైకిల్ ట్యూబు ముక్కలు కట్టుకుని బౌలింగ్ వేసేవారు. నాకు మాత్రం భయ్యా వాళ్ల అన్న వాడి పారేసిన పాత పట్టీ దొరికింది. చెమట కంపు కొట్టే ఆ తోలును మూడు రోజులు కట్టుకున్నాను.

ఆ మూడు రోజులూ నా బంతి తిరిగితే ఒట్టు. తిన్నగా వెళ్లి బ్యాటు మీద పడేది, వాళ్లు చితక్కొట్టేవారు. పట్టీ వదులైందేమోనని ఇంకో రంధ్రం బిగించాను. వేళ్లు ఉబ్బాయి, బంతి మాత్రం తిరగలేదు. శనివారం పొద్దున భయ్యా తేల్చి చెప్పేశాడు. పట్టీ ఉండగానే ఇలా ఉంటే, అది లేకపోతే ఇంకెంత అన్యాయమో అని, నా బదులు వేరేవాణ్ని చూసుకుంటానన్నాడు. ఏడుపు ఆపుకుంటూ ఇంటిదారి పట్టాను.

కుళాయి దగ్గర పక్కింటి మామయ్య డ్యూటీ బట్టలు ఉతుక్కుంటున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ప్లాంటులో గొలుసుల పనిలో చేరిన మనిషి. మా క్యాంపులో అందరికంటే మందమైన పట్టీ ఆయనదే. నా మొహం చూసి, తడిసి బండలా ఉన్న ప్యాంటు రెండో కొస నాకిచ్చి పిండమన్నారు. నేను మెలి తిప్పబోతే పట్టీ తోలు అడ్డుపడి చెయ్యి సగంలోనే ఆగిపోయింది. నాలుగు చుక్కలు కారాయి. "అది ఇప్పీ" అన్నారు. విప్పి మళ్లీ తిప్పాను. నీళ్లు నా కాళ్ల మీద ధారగా పడ్డాయి.

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన నవ్వారు. "ఏటే గుంటా, సెయ్యి కట్టేసుకుని సెయ్యి తిప్పుతానంతావేటి?" అన్నారు. మరి మీరెందుకు కట్టుకుంటారని నేను ఎదురు తిరిగాను. ఆయన తన పట్టీ విప్పి చెయ్యి చూపించారు. ఎముక ఒక పక్కకు పొడుచుకొచ్చి ఉంది. ఎప్పుడో గొలుసు జారి పడిందట. "నాకు నొప్పుంది, కట్టుకుంతన్నాను. నీకెక్కడే నొప్పి?"

నాకు ఎక్కడా నొప్పి లేదు. నొప్పి లేని చేతికి ఎవడో కట్టమంటే కట్టేసుకున్నాను, అదీ నేను ఆడపిల్లనన్నందుకు! నామీద నాకే కోపం వచ్చింది.

అదే కోపంతో భయ్యా దగ్గరికి వెళ్లి పట్టీ వాడి చేతిలో పెట్టాను. నా బంతులు ఆరు ఆడి చూడమన్నాను. మొదటిది ఎక్కడికో పోయింది. రెండోదాన్ని వాడు కాలువ దాటించాడు. మూడోది తిరిగింది, వాడి కాలు పక్కనుంచి వెళ్లి వెనక పేర్చిన ఇటుకలను కూల్చింది. తుక్కా, తుక్కా అని అరిచాడు. గుడ్డిగా తగిలిందని వాడి గోల. ఐదో బంతికి మళ్లీ ఇటుకలు కూలాయి. రేపు మ్యాచ్‌కు వచ్చెయ్యమన్నాడు.

మర్నాడు మేం గెలిచామని రాస్తే బాగుండేది. ఓడిపోయాం. నాకు ఒక వికెట్టు వచ్చింది, కానీ ఆ తర్వాత ఓవర్లో తెల్లబూట్ల పిల్లాడొకడు నా బంతుల్లో మూడు ఫోర్లు బాదాడు. తిరిగి వస్తూ దారి పొడుగునా మా వాళ్లు ఒకటే సణుగుడు, పట్టీ కట్టుకుని ఉంటే గెలిచేవాళ్లమని. నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. "ఓడింది నా చెయ్యి. దాని సంగతి నేను చూసుకుంటాను. పట్టీ మాట ఎత్తితే ఊరుకోను" అన్నాను. మరుసటి ఆదివారం ఎవరూ పిలవకముందే బంతి అందుకున్నాను.

ఆ తర్వాత నా మంచి కోసమని చాలామంది చాలా కట్టబోయారు. పెళ్లయ్యాక ఉద్యోగం నీవల్ల కాదన్నారు, ఇల్లు చూసుకోమన్నారు. స్మృతి నగర్‌కు ఇల్లు మారాక స్కూటీ నేర్చుకుంటుంటే పడతావన్నారు. అరవై దాటగానే మా అబ్బాయి చేతికర్ర తెచ్చాడు. ప్రతిసారీ నాకు నేను ఒకే ప్రశ్న వేసుకున్నాను, నాకెక్కడ నొప్పి అని. నొప్పి లేని చోట ఎవరినీ ఏదీ కట్టనివ్వలేదు. చేతికర్ర కూడా తిరిగి షాపుకే పోయింది.

పోయినేడు కుడి మోకాలు నిజంగానే నొప్పి పెట్టింది. ఎవరికీ చెప్పకుండా స్కూటీ మీదే షాపుకెళ్లి, నాలుగు రకాలు తొడిగి చూసి, నాకు నచ్చిన పట్టీ కొనుక్కున్నాను. కర్ర వద్దన్నదానివి ఇదేంటని మా అబ్బాయి అడిగితే, నొప్పిగా ఉందిరా, కట్టుకున్నాను అన్నాను.