దూరపు కబురు

అక్క పోయిందని ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను సౌదీలో కొండల మీదున్న అభాలో, ఇన్నేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్న ముసలి మేడం గారికి జావ తాగిస్తున్నాను. సౌదీలోనే మరో మూల ఖఫ్జీలో ఇంటిపని చేసుకుంటున్న అక్క కూతురికి మాత్రం ఈ సంగతి చెప్పవద్దని, ఆ ఇంటి పిల్లలకు సెలవులిచ్చేదాకా వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్, ఎలాగూ పంపడని, తెలిస్తే ఆ పరాయింట్లో కుమిలిపోవడమే తప్ప ఒరిగేదేమీ లేదని వాడు మరీ మరీ చెప్పాడు. గల్ఫ్‌లో ఆడపిల్లలున్న మా గోదావరి ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదు, చావు కబుర్లు దాచడం మాకొక ఆచారమైపోయింది.

ఆ రాత్రంతా బైబిలు పాఠశాలలో పంతులుగా పనిచేసిన మా చిన్నాన్నే గుర్తొచ్చాడు. యూదు పండితుల ధర్మశాస్త్రానికి చివర, తర్వాతి రోజుల్లో చేర్చిన చిన్న చిన్న గ్రంథాలు కొన్ని ఉన్నాయట. అతిథి ఎలా మెలగాలి, లేఖనాలు ఎలా రాయాలి, పోయినవాళ్ళ కోసం ఎలా ఏడవాలి, ఇలాంటివన్నీ వాటిలోనే ఉంటాయట. పెద్ద పుస్తకాల గొప్పలో వీటినెవరూ పట్టించుకోరని, పెళ్ళిలో ఆఖరి బంతి లాంటివని, వంట మాత్రం అదేనని నవ్వేవాడు. చావు కబురు ముప్పై రోజుల్లోపు అందితే దగ్గర కబురు, ఏడు రోజులు నేలమీద కూర్చోవాలి. ఆ తర్వాత అందితే దూరపు కబురు, ఒక్కరోజు చాలు. ఒక పండితుడు మాత్రం ఎప్పుడు తెలిసినా ఏడు రోజులూ కూర్చోవాల్సిందేనని పట్టుబట్టాడట గానీ మిగతావాళ్ళు ఒప్పుకోలేదట. ఏడుపుకి కూడా గడువేమిటని చిన్నపిల్లలం మేము పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ గడువు నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడేం తెలుసు! జిద్దాలో పనికి కుదిరిన కొత్తలో, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ప్రార్థనకెళ్ళిందనో, పడుకుందనో చెప్పేవాళ్ళు. ఒక శుక్రవారం అక్కడి షరఫియా బజారులో దర్జీ కొట్టు ముందు మా ఊరావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ మంచం పట్టకుండా పోయిందంట కదమ్మా, అదృష్టవంతురాలు," అంది. అమ్మ పోయి అప్పటికి నెలలు దాటిపోయాయి. నాకు దక్కింది ఆ ఒక్కరోజే, అదీ రొట్టెలు చేస్తూ గడిచిపోయింది. ఒప్పుకోని ఆ పండితులందరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే అక్క కూతురికి ఆ గతి పట్టకూడదనుకున్నాను. కానీ వారం వారం వీడియోలో ఆ పిల్ల ముఖం చూడగానే నోరు పెగిలేది కాదు. అక్కడి ఎండల గురించి అది, ఇక్కడి మంచు గురించి నేను చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. వాళ్ళమ్మ మాట అది ఎత్తకపోతే బతికాననుకునేదాన్నే తప్ప, ఎందుకు ఎత్తడంలేదని ఒక్కనాడూ ఆలోచించలేదు. ముప్పై రోజులు దగ్గర పడుతున్నాయని, మొన్న శుక్రవారం గుండె రాయి చేసుకుని చెప్పేశాను.

"నాకు తెలుసు పిన్నీ. ఆ రోజే ఊరి నుంచి మా ఆయన ఫోన్ చేసి చెప్పేశాడు. నీకు బీపీ కదా, నువ్వు తట్టుకోలేవని, నీకు మాత్రం చెప్పొద్దన్నాడు," అంది. ఇంతలో లోపలి నుంచి వాళ్ళ మేడం పిలిచింది. కళ్ళు తుడుచుకుని ఫోన్ పెట్టేసింది.

మా రోజుల్లో కబురు రావడానికి సముద్రం కూడా అడ్డుండేది. ఇప్పుడు ఊపిరి ఆగిన గడియలోనే అందుతోంది, దాన్ని దూరం చేసుకుంటున్నది మేమే. ఇన్నాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఎవరి ఏడుపు వాళ్ళం వంటింట్లో దాచుకున్నాం. ఇలాంటి కబురుకి ఎన్ని రోజులు కూర్చోవాలో ఆ ఆఖరి బంతి పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. అడుగుదామంటే చిన్నాన్న లేడు. ఆయన పోయిన సంగతి కూడా నాకు దూరపు కబురుగానే అందింది.