తప్పు చూపించమన్న రోజు

మొన్న మా అన్న కూతురు ఫోన్ చేసి, ఇంట్లో కూర్చుని టైపు చేసే పని ఉందని మెసేజ్ వచ్చింది, ముందు ఫీజు కట్టమంటున్నారు, కట్టనా అత్తా అని అడిగితే, వద్దని నేను అరిచిన అరుపుకు ఆ పిల్ల బిత్తరపోయింది. ఒకప్పుడు నేనూ అట్లాగే కట్టినదాన్ని.

ధర్మవరంలో మాది నేత ఇల్లు. వానలు మొహం చాటేసి, చుట్టుపక్కల పల్లెలవాళ్లు కూలికని బెంగుళూరు బస్సెక్కుతున్న ఆ రోజుల్లో, డిగ్రీ పాసై ఊరికే కూర్చున్న నేను పేపర్లో ప్రకటన చూసి ఆన్‌లైన్ పనికి ఎగబడ్డాను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, డిపాజిట్ కట్టించుకుని, పుస్తకాల పేజీలు ఫొటోలుగా నింపిన సీడీ ఒకటి పంపేవాళ్లు. వాటిని టైపు చేసి మెయిల్లో పంపాలి. పనిచ్చేవాడు మనకు అడ్వాన్సు ఇవ్వాలి గానీ మనం ఎదురు కట్టడమేమిటని అమ్మ గొణిగింది. డిగ్రీ చదివినదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను.

ఇంటర్నెట్ సెంటర్లో మెడ పట్టేసేదాకా కూర్చుని టైపు చేసి పంపితే, కూలికి బదులు వకీలు పేరుతో ఇంగ్లీషు నోటీసు వచ్చింది. నా పనిలో తప్పులెక్కువట, పదిహేను రోజుల్లో నష్టపరిహారం కట్టకపోతే కోర్టుకు ఈడుస్తారట.

నాయన కోప్పడి ఉంటే కొంత నయంగా ఉండేది. చీరలో తప్పు కనబడితే షావుకారు కూలి కోసుకోవడం, నేసినవాడు తల వంచుకుని సరేననడం మా వీధి ఆచారం. "పనిలో తప్పుంటే కట్టాల్సిందే కదమ్మా" అని, ఉన్న రెండు మగ్గాల్లో అమ్మ నేసే మగ్గాన్ని అమ్మకానికి పెట్టాడు. పోస్టుమన్ సైకిలు బెల్లు వినబడితే చాలు, తింటున్న కంచం వదిలి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని.

బేరం కుదిరే రోజు పొద్దున నాయనకు ఏం తోచిందో గానీ, మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చాడు. షావుకారు ఎంత కటువైనవాడైనా, చీర పరిచి, తప్పున్న చోట వేలు పెట్టి చూపించనిదే పైసా కోయడు కదా అన్నాడు. నన్ను ఎస్టీడీ బూత్‌కు తీసుకుపోయి, నోటీసులోని నంబరుకు ఫోన్ చేయించి, రిసీవర్ లాక్కుని, "యాడ తప్పుండాదో చూపీండప్పా, చూపిస్తే మగ్గం అమ్మైనా కడతా" అన్నాడు. అవతల బెదిరింపులు, ఇవతల మళ్లీ అదే మాట. మూడోసారికి వాళ్లే ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఏ కాగితమూ రాలేదు. డిపాజిట్ పోయింది గానీ మగ్గం నిలిచింది.

కొన్నేళ్లకు ఆన్‌లైన్లోనే నాకు నిజమైన పని దొరికింది, మొహం చూడనివాళ్లే సక్రమంగా డబ్బు పంపారు. అయినా ఎవరైనా నా పనిలో తప్పుందంటే, ఎగ్గొట్టడానికే అంటున్నాడని ముందు అనుమానిస్తాను, అదే తెలివని పిల్లలకూ చెబుతాను. నాయన మాత్రం ఆ ఫోన్ తర్వాత కూడా చాలా రోజులు, మన పిల్ల నిజంగానే యాడన్నా తప్పు చేసిందేమో, పాపం వాళ్లకు నష్టమొచ్చిందేమో అని అమ్మ దగ్గర బాధపడేవాడట. అట్లా ముందు తమ చేతినే అనుమానించుకునే మనుషులు ఇప్పుడు కనబడరు; కన్న కూతుర్ని, నాకే ఆ గుణం మిగల్లేదు.