ఉప్పునీళ్ళ నింద

మా మనవరాలు నిన్న నీతివిద్య పరీక్షకు ‘తప్పు ఒప్పుకొనుట వలన నాలుగు ప్రయోజనములు’ బట్టీ పెడుతోంది. మూడు వచ్చాయట, నాలుగోది నన్నడిగింది. నాకు తెలిసింది ఒక్కటే. దానికోసం నేనెంత పోరాడానో మా ఇంట్లో ఎవరికీ పట్టదు గనక ఇక్కడ రాస్తున్నాను.

పంతొమ్మిది వందల యాభైల్లో, వేంపల్లె దగ్గర మా పల్లెబడిలో ఎండాకాలం తాగేనీళ్ళు ఉండేవి కావు. పిల్లలం ఇంటినుంచి తలా ఒక చెంబు తెచ్చి బడి కడవలో పోసేవాళ్ళం. అయ్యవారూ తన చెంబు తెచ్చి అందరికన్నా ముందు పోసేవారు. నలుగురి కోసం మోయడం కూడా చదువేననేవారు. మాట మంచిదే. ఒకరోజు కడవలో నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. మా వీధిబావి ఉప్పుది కాబట్టి ఆ నీళ్ళు తెచ్చింది నేనేనని, ఒక్క మాట అడగకుండా, అయ్యవారు నన్ను ఆ కడవ పక్కన నిలబెట్టారు. నేను తెచ్చినవేమో తెల్లారే ఊరి బయటి తీపిబావిదాకా నడిచి చేదుకొచ్చిన నీళ్ళు. నవ్విన వాళ్ళ పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మర్నాడు బడికి పోలేదు. ఆడపిల్లకు చదివింది చాలని ఎప్పటినుంచో అంటున్న మా నాయనకు మంచి సాకు దొరికింది. మేకల వెంట పంపుతానన్నాడు. భయమేసింది, కానీ పంతం వదల్లేదు.

ఆ సాయంత్రం అయ్యవారే మా ఇంటికొచ్చారు. నేను లేకపోయినా కడవ ఉప్పగానే ఉందట. తీరా చూస్తే, ఆయన పొద్దున్నే తొందరలో చేదుకొస్తున్న తన పెరటిబావే ఎండలకు అడుగంటి ఉప్పుదేలిందట. తప్పు తనదేనని చెప్పి, పాపను బడికి పంపమన్నారు. మా నాయన మెత్తబడ్డాడు.

“బడిలో అన్న మాట బడిలోనే చెప్పల్ల అయివోరా. ఈడ చెప్తే ఎవురికి ఇనపడతాది?” అన్నాను.

మా నాయన చెయ్యెత్తాడు. అయ్యవారు అడ్డొచ్చారు. “కొట్టొద్దప్పా. పాప అడిగేది న్యాయంగానే ఉండాది.”

మర్నాడు నన్ను నిలబెట్టిన చోటే తాను నిలబడి చెప్పారు. కానీ మెల్లగా. వెనక వరసకు వినపడలేదని లేచి చెప్పాను. ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పారు. ఆపైన నేను తెచ్చిన చెంబులోనించి తానే మొదట తాగారు.

“అయివోరినే ఒప్పించింది, ఇంగ దీనికి మేకలతో ఏం పని,” అని గొణిగాడు మా నాయన. మళ్ళీ చదువు మానమనలేదు.

మనవరాలు మాత్రం ఇదంతా విని, నాలుగో ప్రయోజనంగా ఇదే రాస్తానంది. మార్కులు రాకపోతే నేనొచ్చి అడుగుతానన్నాను. ఆనాడు నవ్వినవాళ్ళను ఇప్పటికీ క్షమించలేదు. అయ్యవారిమీద కోపం మాత్రం, ఇన్నేళ్ళుగా నాతోపాటు తెచ్చుకుందామని ఎంత చూసినా, ఆయన గొంతు పెంచిన ఆ పొద్దు దాటి ఒక్క అడుగు రాలేదు.