పసుపు బెల్టు ఎర్రబడిన రోజు

పొద్దున వంటింట్లో మసిగుడ్డకి అంటిన పసుపు మీద సబ్బు రుద్దగానే అది ఎర్రబడింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తల కొట్టేసినట్టయింది.

మన బడి మేడ మీద నాతో కరాటే నేర్చుకున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నేను పసుపు బెల్టు పరీక్ష పాసైతే మా అమ్మ కొత్త బెల్టు కొననివ్వలేదు. "తెల్లది నిక్షేపంలా ఉందిగా, దానికే రంగేస్తే పోలా?" అంటూ ఇత్తడి గిన్నెలో పసుపు కలిపి అందులో ముంచింది. వారం తిరక్కుండానే చెమట కంపు కొడుతోందని దాన్ని బట్టల సబ్బుతో ఉతికేసింది. మర్నాడు నా నడుముకి ఉన్న బెల్టు నిండా ఎర్రటి మచ్చలే. మీరంతా పడీ పడీ నవ్వారు.

సరిగ్గా అప్పుడే నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి అమ్మ వచ్చింది.

"సబ్బు తగిలి అలా అయిందండీ మాస్టారూ. ఇంతకీ మా పిల్లకి నల్ల బెల్టు ఎన్నాళ్ళకొస్తుందంటారు?" అని అందరికీ వినబడేలా అడిగింది.

"మానకుండా వస్తే అయిదారేళ్ళు పడుతుందమ్మా" అన్నారాయన, నవ్వాపుకుంటూ.

మర్నాటి నుంచే నేను మానేశాను.

ఈ సాయంత్రం భవానీపురంలో మా అమ్మాయిని కరాటేలో చేర్చాను. అక్కడి మాస్టారు దాని పేరు రాసుకుంటుంటే ఉండబట్టలేక, "బ్లాక్ బెల్ట్ ఎన్నాళ్ళకొస్తుందండీ?" అన్నాను. హాల్లో పిల్లలంతా తిరిగి చూశారు.

మా అమ్మాయి నా చెయ్యి వదిలించుకుని, కాస్త ఎడంగా జరిగి నిలబడింది.