నల్ల నూనె డబ్బా

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. అనంతపురం నుంచి ఉరవకొండ పోయే బస్సులో నా పక్కనున్న మనిషి కాళ్ల మధ్య ఒక రేకు డబ్బా పెట్టుకున్నాడు. మూత లేదు, గుడ్డ కుక్కి ఉంది. బస్సు గుంతలో పడినప్పుడల్లా నల్లటి నూనె చింది నా ప్యాంటు మీద పడేది. మాడిన మిరపకాయల కంపు కొట్టేది.

"ఏమప్పా, పారబోసేకి తీసుకుపోతాండావా?" అన్నాను.

"పారబోసేకి ఎవరన్నా దుడ్లు పెట్టి కొంటారా అన్నా? టౌన్లో హోటలోళ్లు వారమంతా కాంచి తీసేసిన నూనె ఇది. హైస్కూలు ముందర నాకు బజ్జీల అంగడి ఉండాది" అన్నాడు, సిగ్గన్నది లేకుండా.

కిటికీ బయట కనుచూపు మేర వేరుశనగ చేలు. ఆ చేలవాళ్ల పిల్లలకు ఈ మురుగు!

కూడేరు దాటాక అతను కిటికీ బయటికి చేతులు చాపి, సీసా నీళ్లతో శుభ్రంగా కడుక్కుని మూట విప్పాడు. జొన్నరొట్టె, చుక్క నూనె లేని ఆకుకూర పప్పు. సగం రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, తీసుకున్నాను.

"నాకు గుండె నరాలు పూడుకుపోయినాయన్నా. నూనె ముట్టుకుంటే సస్తావని డాక్టరు చెప్పినాడు. ఆర్నెల్లుగా ఇదే తింటాండా. నువ్వు గూడా బజ్జీలు గిజ్జీలు తినొద్దు" అన్నాడు, సొంత అన్నకు చెప్పినట్టు.

ఆ బడిపిల్లలకు గుండెలు లేవా అని అడగాల్సింది. నోటినిండా అతని రొట్టె ఉంది. రుచిగా కూడా ఉంది.